టోపీ, శఠగోపం, ఐ.పి.: మోసపోయినవారి మాటల్లో చరిత్ర

7.1 పరిచయం

"ఆ కొట్టాయన ఐ.పి. పెట్టాడంటగా!"

తెనాలి బజారులోనో, బాపట్ల కోర్టు ఎదుటి టీ దుకాణం దగ్గరో, రేపల్లె వెళ్లే రైలుపెట్టెలోనో ఈ మాట వినబడితే మీకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. ఎవరో చేతులెత్తేశారని, కొందరి డబ్బు పోయిందని, ఆ కొందరిలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోవాలని క్షణంలో తెలిసిపోతుంది. కాని 'ఐ.పి.' అంటే ఏమిటని అడిగి చూడండి. 'ఇన్‌సాల్వెన్సీ పిటిషన్' అని విప్పి చెప్పగలిగేవారు కొద్దిమందే ఉంటారు. అప్పు తీర్చలేని మనిషి జైలుపాలు కాకుండా చూడడానికి చట్టం చేసిన ఏర్పాటు అది అని చెప్పేవారు ఇంకా తక్కువ.

ఒక రక్షణకు ఉన్న పేరు ఒక తిట్టుగా ఎలా మారింది? ఈ పాఠంలో మనం ప్రధానంగా చర్చించే ప్రశ్న ఇదే. జవాబు వెతికే ముందు, మోసపోవడాన్ని చెప్పడానికి తెలుగువారు వాడే మరికొన్ని మాటలను పరిశీలించాలి. ఎందుకంటే 'ఐ.పి.' ఒంటరిగా పుట్టిన మాట కాదు. దానికి ముందే ఒక వరుస ఉంది. అది వచ్చి ఆ వరుసలో చేరింది.

చరిత్ర విద్యార్థిగా మీరు ఇంతవరకు శాసనాలను, నాణేలను, ప్రభుత్వ నివేదికలను ఆధారాలుగా చదివారు. దానం చేసినవాడు శాసనం వేయిస్తాడు. పన్ను వసూలు చేసినవాడు లెక్క రాస్తాడు. మోసపోయినవాడు మాత్రం నలుగురిలో చెప్పుకోలేక ఊరుకుంటాడు. అతని అనుభవం ఎక్కువగా మిగిలేది వాడుక మాటల్లోనే. కాబట్టి వాటిని కూడా ఆధారాలుగా చదవడం నేర్చుకోవాలి.

మన పరిశీలనకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాన్ని తీసుకుంటున్నాం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన తరువాత చాలా కాలం ఈ మూడూ ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లగా తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. పాత రికార్డుల కోసం వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

7.2 నెత్తిన పెట్టేవి, నుదుట పెట్టేవి

'శఠగోపం పెట్టాడు', 'నామం పెట్టాడు', 'పంగనామాలు పెట్టాడు', 'టోపీ పెట్టాడు', 'కుచ్చుటోపీ పెట్టాడు'. ఈ మాటలన్నిటిలో క్రియ ఒకటే: పెట్టు. పెట్టే చోటు కూడా దాదాపు ఒకటే: తల, లేదా నుదురు. మోసగాడు మన దగ్గరి నుంచి తీసుకుపోతాడు కదా, మరి భాషలో 'పెట్టాడు' అని ఎందుకు అంటున్నాం?

వైష్ణవాలయంలో దర్శనం అయ్యాక ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. అర్చకుడు శఠగోపాన్ని మీ తలపై ఉంచుతాడు. దానిపై స్వామి పాదాల గుర్తులు ఉంటాయి. నమ్మాళ్వారుకు శఠగోపుడనే పేరు ఉంది. ఆ పేరే ఈ వస్తువుకు వచ్చింది. తల వంచి దాన్ని అందుకోవడం గౌరవం. ఆ వంచిన తలతోనే మీరు హుండీలోనో పళ్లెంలోనో కానుక వేస్తారు, తిరిగి ఏమీ అడగరు. నుదుట నామం పెట్టించుకోవడమూ అలాంటిదే. ఇచ్చినవాడు సంతోషంగా, భక్తితో, లెక్క అడగకుండా ఇచ్చే చోటు ఊళ్లో అదొక్కటే. బజారులో అదే పద్ధతిలో డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి చూసి జనం గుడిభాషలో వెక్కిరించారు: తల వంచావు, గౌరవం అందింది, సంచి ఖాళీ అయింది. సంస్కృతంలో 'శఠుడు' అంటే వంచకుడు అనే అర్థం ఉండడం కూడా ఈ వెక్కిరింతకు కలిసివచ్చి ఉండవచ్చు.

ఇదే గుడి నుంచి ఇంకో రెండు మాటలు వచ్చాయి. 'కైంకర్యం' అంటే దేవుడికి చేసే సేవ. వాడుకలో 'సంఘం డబ్బు కైంకర్యం చేశాడు' అంటే మింగేశాడు. 'స్వాహా' అని హోమంలో ఆహుతి ఇస్తారు. వాడుకలో 'స్వాహా చేశాడు' అంటే మళ్లీ మింగేశాడనే. ఈ రెండు మాటలూ భక్తుణ్ణి కాకుండా నిర్వాహకుణ్ణి వేలెత్తి చూపుతున్నాయని గమనించండి. ఆలయ ఆస్తుల నిర్వహణ మీద ఫిర్యాదులు మద్రాసు రాష్ట్రంలో ఎంత పెద్ద ప్రజాసమస్య అయ్యాయంటే, 1920లలో శాసనసభ దాని కోసం హిందూ మత ధర్మాదాయ చట్టాలు చేసి, పర్యవేక్షణకు ఒక బోర్డును ఏర్పరచవలసి వచ్చింది. చట్టం గ్రంథంలో పొడవాటి వాక్యాలతో చెప్పిన విషయాన్ని వాడుక భాష 'కైంకర్యం' అనే ఒక్క మాటలో చెప్పింది.

మీరు తెనాలి వైపు నుంచి బాపట్లకు వెళ్లేటప్పుడు మధ్యలో పొన్నూరు వస్తుంది. అక్కడి దేవుడు సాక్షి భావనారాయణస్వామి. కాశీయాత్రలో తనకు సేవ చేసిన యువకుడికి కూతురినిస్తానని ఒకాయన మాట ఇచ్చి, ఊరు చేరాక మాట తప్పాడట. అప్పుడు దేవుడే సాక్ష్యం చెప్పడానికి కదిలి వచ్చాడని స్థలపురాణం. ఇది జరిగిందా లేదా అన్న చర్చ మనకు అనవసరం. కాగితం లేని మాట, బలవంతుడు తప్పిన మాట, సాక్షి దొరకని మాట అనే సమస్య ఎంత పాతదో, ఎంత లోతుగా నాటుకుందో ఈ కథ చెబుతుంది. మోసపోయినవాడి పక్షాన నిలిచిన కథ ఇది. తెనాలి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే వికటకవి కథలు దీనికి భిన్నం. వాటిలో మన నవ్వు ఎప్పుడూ మోసం చేసినవాడి వైపే ఉంటుంది. (ఆ కథల రామలింగడిని, పాండురంగ మాహాత్మ్యం రచించిన తెనాలి రామకృష్ణ కవిని కలిపేసి పరీక్షలో రాయకండి.)

7.3 ఒక హెచ్చరిక

'టోపీ పెట్టడం' గురించి మీకు ఎవరో ఒకరు ఈ కథ చెప్పే ఉంటారు: టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషువాళ్లు వచ్చి మనల్ని మోసం చేశారు కాబట్టి ఆ మాట వచ్చింది అని. వినడానికి బాగుంటుంది. కాని హిందీలో 'టోపీ పహనానా', మరాఠీలో 'టోపీ ఘాలణే', కన్నడలో 'టోపి హాకు' అన్నీ మోసం చేయడమనే అర్థంలోనే ఉన్నాయి. ఇన్ని భాషలు పంచుకుంటున్న మాటకు మన ఊరి కథ ఒకటి చెప్పి సరిపెట్టుకోలేం. అలాగే 'నామం పెట్టడం' తమిళంలోనూ కన్నడంలోనూ ఉంది. వైష్ణవం వ్యాపించిన నేల అంతటా ఆ వెక్కిరింత కూడా వ్యాపించిందన్నమాట. మాటను ఆధారంగా తీసుకున్నప్పుడు ముందుగా పొరుగు భాషలను చూడండి, ఆ తరువాతే కథలు నమ్మండి.

7.4 ధాన్యం, నోటు, కోర్టు

ఇప్పుడు 'ఐ.పి.' దగ్గరకు వద్దాం.

1850లలో బెజవాడ దగ్గర కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా గ్రామాలలో తిండికి మించి ధాన్యం పండసాగింది. 1916లో తెనాలి–రేపల్లె రైలుమార్గం తెరుచుకుంది. ధాన్యం, ఆ తరువాత పొలాల్లో వేసే మినుము, పెసర బయటి మార్కెట్లకు పోవడం తేలికయింది. మిగులు ధాన్యం ఉన్న చోటికి డబ్బు వచ్చింది. డబ్బు ఉన్న చోట అప్పు పుట్టింది. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పుట్టినా, గ్రామంలోని రైతుకు బ్యాంకు చాలా కాలం దూరపు చుట్టమే. దగ్గర ఉన్నది ధాన్యం వ్యాపారి కొట్టు.

ఆ కొట్టు ఎలా పనిచేసేదో అర్థం చేసుకుంటే తప్ప 'ఐ.పి.' అనే మాటలోని మంట మీకు తెలియదు. పంట నూర్చగానే రైతు ధాన్యం వ్యాపారికి తోలతాడు. డబ్బు అంతా అప్పుడే తీసుకోడు. కొంత తీసుకుని మిగతాది వ్యాపారి దగ్గరే వడ్డీకి ఉంచుతాడు. చేతికి ఒక చీటీ వస్తుంది, కొన్నిసార్లు ప్రోనోటు వస్తుంది, చాలాసార్లు మాట మాత్రమే. పిల్ల పెళ్లికి కావలసినప్పుడు అదే వ్యాపారి డబ్బు సర్దుతాడు. పింఛను డబ్బు వచ్చిన ఉపాధ్యాయుడు, పొలం అమ్మిన వితంతువు, పక్క వీధి కిరాణా కొట్టాయన కూడా తమ డబ్బు తెచ్చి అక్కడే ఉంచుతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఏ బ్యాంకు ఇస్తుంది? అంటే ఆ కొట్టు దుకాణమూ బ్యాంకూ బంధుత్వమూ కలిసిన చోటు. అది కూలితే ఒక్కరి డబ్బు పోవడం కాదు, ఒక వీధి మొత్తం కదిలిపోతుంది.

అప్పు తీర్చలేనివాడికి ఆనాటి న్యాయం ఏమిటి? డిక్రీ పొందిన అప్పులవాడు బాకీదారుణ్ణి అరెస్టు చేయించి సివిల్ జైలులో పెట్టించవచ్చు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 55వ సెక్షన్ ఈ అరెస్టు గురించి చెబుతూనే, అరెస్టయినవాడు తనను దివాలాదారుగా ప్రకటించమని దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతిని కోర్టు అతనికి తెలియజేయడానికి కూడా వీలు కల్పించింది. ఆ దరఖాస్తే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909లో ఒక చట్టం ఉండగా, మిగతా ప్రాంతాలకు 1907లో ఒక చట్టం, దాని స్థానంలో 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చాయి. మన ప్రాంతానికి వర్తించింది ఇదే.

ఈ చట్టం నడిచే తీరు క్లుప్తంగా ఇది. 1920లో పెట్టిన నిబంధన ప్రకారం కనీసం 500 రూపాయల అప్పు ఉండి తీర్చలేనివాడు, లేదా అతనికి అప్పిచ్చినవాడు, కోర్టుకు పోవచ్చు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి కోర్టుకు గాని రిసీవరుకు గాని సంక్రమిస్తుంది. అప్పులవాళ్లు తమ బాకీలను రుజువు చేసుకుని, వచ్చినదాన్ని దామాషాలో పంచుకుంటారు. తరువాత కోర్టు విముక్తి ఉత్తరువు ఇస్తే పాత అప్పులు రద్దవుతాయి. ఆ మనిషి మళ్లీ బతకడం మొదలుపెట్టవచ్చు. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో అప్పులవాళ్లు నోటీసు అందగానే ఆశ వదులుకుని, కోర్టు మెట్లెక్కకుండానే ఊరుకున్నారు.

కోర్టు రిజిస్టరులో ఈ కేసులకు 'ఐ.పి. నంబరు' అని రాసేవారు. గుమాస్తా రాసుకునే ఆ సంక్షేప రూపమే వీధిలోకి వచ్చింది. అదే 1920 చట్టం తమిళ ప్రాంతంలోనూ అమలయింది. అక్కడి జనం దివాలా నోటీసును 'పసుపు కాగితం' అన్నారు. తమిళులు కాగితాన్ని చూశారు, మనవాళ్లు కేసు నంబరును పట్టుకున్నారు. నా అభిప్రాయంలో దీనికి మన క్రియ కూడా తోడ్పడింది. తెలుగులో అర్జీ 'పెడతాం', కేసు 'పెడతాం'. కాబట్టి 'ఐ.పి. పెట్టాడు' అన్న చట్టపరమైన వాక్యం పుట్టగానే 'టోపీ పెట్టాడు', 'నామం పెట్టాడు' పక్కన కూర్చుంది. కోర్టులో పెట్టిన కాగితం వినేవాడి చెవికి నెత్తిన పెట్టిన టోపీలా వినిపించింది.

7.5 ఒకే మాటలో ఇద్దరు మనుషులు

ఇక్కడ చిక్కు మొదలవుతుంది. 1929 తరువాత ప్రపంచ ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర కొన్నేళ్లలోనే సుమారు సగానికి పడిపోయింది. మంచి ధర ఉన్నప్పుడు చేసిన అప్పు అంకెల్లో అలాగే ఉంది. దాన్ని తీర్చడానికి ఇప్పుడు రెట్టింపు బస్తాలు కావాలి. రైతు మోసం చేయలేదు, వ్యాపారి కూడా చాలాచోట్ల మోసం చేయలేదు. అతను కొన్న ధాన్యం గిడ్డంగిలో ఉండగానే విలువ కోల్పోయింది. పొన్నూరు పక్కనే ఉన్న నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా రైతు రుణాల సమస్యను ఉద్యమంగా మలచింది ఈ కాలంలోనే. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందటి అప్పులపై పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. అసలుకు రెట్టింపు చెల్లించినవాడికి అప్పు తీరిపోయినట్లే అన్నది. ఆ దశాబ్దపు మధ్యతరగతి మనఃస్థితిని తెలుసుకోవాలంటే తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) నవల 'చదువు' చదవండి.

మరోవైపు అసలైన మోసగాడూ ఉన్నాడు. పిటిషన్ వేయడానికి ముందు పొలాన్ని భార్య పేరనో బావమరిది పేరనో మార్చేస్తాడు. దగ్గరివాళ్ల బాకీలు రహస్యంగా తీర్చేస్తాడు. లెక్కల పుస్తకం మాయమవుతుంది. చట్టానికి ఈ మనిషి గురించి బాగా తెలుసు. దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను రద్దు చేసే అధికారాన్ని 53వ సెక్షన్ ఇచ్చింది. మూడు నెలలలోపు ఒక అప్పులవాడికి మాత్రమే మేలు చేసిన చెల్లింపులను 54వ సెక్షన్ పట్టుకుంది. ఆస్తి దాచినవాడికి, లెక్కలు తారుమారు చేసినవాడికి 69వ సెక్షన్ ఏడాది వరకు జైలు అన్నది. మోసంతో చేసిన అప్పు విముక్తి ఉత్తరువు వచ్చినా రద్దు కాదని 44వ సెక్షన్ చెప్పింది.

అంటే చట్టం ఇద్దరిని వేరు చేసింది: చితికిపోయినవాడు ఒకడు, ముంచినవాడు మరొకడు. వీధిలోని మాట ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచింది. దీన్ని ప్రజల అజ్ఞానమని కొట్టిపారేయకండి. డబ్బు పోయిన వితంతువుకు ఎదుటివాడి ఉద్దేశంతో పనేముంది? ఆమెకు ఇద్దరి వల్లా జరిగిన నష్టం ఒకటే. పైగా 53వ సెక్షన్ కింద బదిలీ రద్దు చేయించాలంటే రుజువులు తేవాలి, వకీలుకు ఫీజు ఇవ్వాలి, వాయిదాలకు తిరగాలి. చట్టం చూపిన తేడా ఆమె గుమ్మం దాకా రాలేదు. ఆ దూరాన్నే 'ఐ.పి.' అనే మాట నమోదు చేసింది. అందుకే దాన్ని నేను ఒక ఆధారమంటున్నాను.

కాని ఆ మాట ఇంకొక పని కూడా చేసింది. నిజంగా చితికిపోయిన రైతు, చిన్న వ్యాపారి చట్టం ఇచ్చిన తలుపు దగ్గరకు వెళ్లడానికే భయపడ్డారు. 'ఐ.పి. పెట్టినవాడి కొడుకు' అన్న పేరు పిల్లలకు వస్తుందని పొలం పూర్తిగా అమ్మేవారు, ఊరు విడిచిపోయేవారు, అంతకంటే ఘోరమైన నిర్ణయాలూ తీసుకునేవారు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు, కేవలం పేదరికం వల్ల అప్పు తీర్చలేకపోయినవాణ్ణి జైలులో పెట్టడం న్యాయం కాదని తీర్పు చెప్పింది. జైలు భయం అలా తగ్గింది. మాట భయం తగ్గలేదు.

వ్యాకరణాన్ని కూడా ఒకసారి చూడండి. 'ఐ.పి. పెట్టాడు' అన్న వాక్యంలో చేసినవాడు మాత్రమే ఉన్నాడు. 'మోసపోయాను' అన్న వాక్యంలో పోయినవాడు మాత్రమే ఉన్నాడు. మోసం చేసినవాడు మాయమయ్యాడు. 'టోపీ పెట్టించుకున్నాడు' అన్నప్పుడైతే తప్పు మొత్తం పోగొట్టుకున్నవాడి మీదే పడుతుంది, అతనే అడిగి పెట్టించుకున్నట్లు. రేపల్లె వైపు చేపలు పట్టేవారి బతుకులో నుంచి వచ్చిన 'గాలానికి చిక్కాడు', 'వలలో పడ్డాడు' అన్న మాటలలోనూ కదిలి వెళ్లి చిక్కినవాడు చేపే.

7.6 బోర్డు తిప్పేసిన కాలం

తరువాతి మాటలను త్వరగా చూద్దాం. 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్ నుంచి 'ఫోర్ ట్వంటీ' వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మోసం ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. అయినా ఎవరూ ఎవరినీ 'త్రీ ఎయిటీన్' అని తిట్టడం లేదు.

చీటీల కంపెనీలు, డిపాజిట్ల కంపెనీలు పెరిగాక 'బోర్డు తిప్పేశారు' వచ్చింది. ధాన్యం వ్యాపారికి ముఖం ఉండేది, ఇల్లు ఉండేది, బంధువులు ఉండేవారు. కంపెనీకి ఉన్నది గుమ్మం మీది బోర్డు. అందుకే మాట కూడా మనిషిని వదిలి బోర్డును పట్టుకుంది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిపాజిటుదారుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. అయినా అగ్రిగోల్డ్ డిపాజిట్లు తిరిగి రాక లక్షలాది కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పది వేల రూపాయలలోపు, 2021లో ఇరవై వేలలోపు డిపాజిట్లు ఉన్నవారికి ఖజానా నుంచి చెల్లించింది. వారిలో చాలామంది కట్టింది ఏజెంటుగా వచ్చిన తమ బంధువునో పొరుగువాణ్ణో నమ్మి. పాత కొట్టుకు ఉన్న బంధుత్వం కొత్త కంపెనీలోకి ఏజెంటు రూపంలో నడిచి వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఫోనులో ఓటీపీ చెప్పి పోగొట్టుకున్నవారు 'డబ్బులు కట్ అయిపోయాయి' అంటున్నారు. ఇందులో మనిషీ లేడు, బోర్డూ లేదు, టోపీ కూడా లేదు. (సైబర్ మోసాల ఫిర్యాదుకు జాతీయ సహాయ నంబరు 1930. డెల్టా రైతు అప్పుల చరిత్ర చదివినవారికి ఆ అంకె మరచిపోవడం కష్టం.)

7.7 మీరు చేయదగిన పని

మీ ఇంట్లోనో వీధిలోనో అరవై ఏళ్లు దాటిన ఇద్దరిని కలిసి, డబ్బు పోగొట్టుకున్న సందర్భాన్ని వారి మాటల్లోనే చెప్పమని అడగండి. వారు చెప్పిన వాక్యాలను సరిదిద్దకుండా రాసుకోండి. ప్రతి వాక్యంలో కర్త ఎవరో గుర్తించండి. అప్పుపడ్డవాడు ఆస్తి దాచాడని చెబుతున్నారా, ధర పడిపోయిందని చెబుతున్నారా అన్నది విడిగా నమోదు చేయండి. ఎవరి పేర్లూ మీ నోటుపుస్తకంలో రాయకండి. కొందరు ఇంతకాలం దాచుకున్న ప్రోనోటును తెచ్చి చూపిస్తారు. అది కాలదోషం పట్టిన కాగితమని మీకు తెలిసినా ఆ మాట అనకండి. తేదీ, మొత్తం, వడ్డీ రేటు మాత్రం రాసుకుని, మడత చెడకుండా తిరిగి వారి చేతికే ఇవ్వండి.